మా రూటర్‌లో ఎనిమిది అడ్రసులు

నా జీవితంలో నేను చేసిన తెలివైన పనుల్లో ఇదొకటని కొన్నాళ్ళు మురిసిపోయాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఇంకెవరి మీదా కాదు, నా మీదే.

రైల్వే టెలిఫోన్ల విభాగంలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. బళ్ళారిలో పాత మిషన్ కాంపౌండ్‌లో మా ఇల్లు. కొడుకు, కోడలు, నేను ఉంటాం. కాంపౌండ్‌లో నాలుగిళ్ళు ఒకే వరుసలో గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. దొరల కాలంలో కట్టిన రాతి గోడలు, మూరెడు మందం. ఎండాకాలంలో ఎంత చల్లగా ఉంటాయో అని వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటారు. ఆ గోడల లోపలికి సెల్ సిగ్నల్ రాదన్న సంగతి మాత్రం ఉండేవాళ్ళకే తెలుసు. ఫోన్ మోగితే మెట్ల మీదికి పరుగెత్తాలి. అందుకే కోడలు కాపురానికొచ్చిన కొత్తలోనే ఇంటర్నెట్ పెట్టించాం. వరుస మొత్తానికి ఇప్పటికీ అది మా ఇంట్లోనే ఉంది.

కాంపౌండ్‌లో అడిగినదాన్ని లేదనే అలవాటు లేదు. చింతపండు, ఇస్త్రీపెట్టె, నిచ్చెన, చుట్టాలొస్తే మడత మంచం, ఏదైనా సరే ఒక ఇంట్లో ఉంటే నాలుగిళ్ళలోనూ ఉన్నట్టే. ఆ జాబితాలో మా వైఫై పాస్‌వర్డ్ కూడా చేరిపోయింది. మా కోడలైతే అడిగేదాకా కూడా ఆగదు. ప్రార్థన కూడికకు వచ్చినవాళ్ళకు మంచినీళ్ళ గ్లాసుతో పాటు పాస్‌వర్డ్ కూడా అందిస్తుంది. ఇప్పుడు బైబిలూ కీర్తనలూ అందరి ఫోన్లలోనే ఉంటాయి కదా, పాట అందుకోవాలంటే నెట్ కావాలి. పాటలతో ఆగితే నాకేం బాధ లేదు. ఆమెన్ చెప్పాక కూడా వరండాలో కూర్చుని ఎవరిదో పెళ్ళి వీడియో చూస్తుంటారు. లోపల నేను వార్తలు పెట్టుకుంటే టీవీలో చక్రం తిరుగుతుంటుంది. ఆ చక్రాన్ని చూస్తూ ఎన్ని సాయంత్రాలు పళ్ళు కొరుక్కున్నానో లెక్కలేదు.

కోడల్ని పిలిచి ఇవ్వొద్దని ఒక్క మాట చెప్పొచ్చు. చెప్పలేదు. పిసినారి మామ అన్న పేరు నాకెందుకు? ఇవ్వనివ్వాలి, కానీ అది వాళ్ళకు పనిచేయకూడదు. అలాంటి మార్గం ఒకటి నాకు తెలుసు.

రూటర్ చేసే పని పెద్ద మర్మమేమీ కాదు. ఇంట్లోకి వచ్చిన ప్రతి ఫోనూ, టీవీ, ల్యాప్‌టాప్ దాన్ని ఒక అడ్రసు అడుగుతుంది. ఆసుపత్రిలో ఓపీ చీటీ ఇచ్చినట్టు అది వరుసగా ఒక్కో అంకె ఇస్తుంది. ఆ అంకె చేతికి రానిదే పాస్‌వర్డ్ తెలిసినా ఉపయోగం లేదు. ఒకసారి ఇచ్చాక దాన్ని రోజంతా ఆ ఫోను పేరు మీదే ఉంచుతుంది, ఆ మనిషి లేచి ఇంటికి వెళ్ళిపోయినా సరే. మామూలుగా రెండు వందలకు పైగా అడ్రసులు పంచేలా పెట్టి ఉంటారు. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు రూటర్ సెట్టింగుల పేజీ తెరిచి ఆ సంఖ్యను ఎనిమిదికి దించేశాను. మూడు ఫోన్లు, టీవీ, కోడలి ల్యాప్‌టాప్ కలిపి మాకు ఐదు, ఇంట్లోనే ఉంటాయి కాబట్టి ముందు వాటికే దొరుకుతాయి. మిగతా మూడు మర్యాద కోసం. ఇంకెవరూ ఆ పేజీ తెరవకుండా దాని పాస్‌వర్డ్ కూడా మార్చిపెట్టాను.

దివ్యంగా పనిచేసింది. ఆ తర్వాత ఎవరైనా వైఫై అడిగితే కోడలికంటే ముందు నేనే నవ్వుతూ పాస్‌వర్డ్ చెప్పేవాణ్ణి. వాళ్ళ ఫోను కాసేపు తంటాలు పడి ఊరుకునేది.

"రాలేదప్పా," అనేవాళ్ళు.

"అవునా? గోడలు మందం కదప్పా, ఏం చేస్తాం," అనేవాణ్ణి.

రెండు నెలలు ఇలాగే గడిచింది. టీవీలో చక్రం ఆగిపోయింది. నా తెలివికి నేనే లోపల్లోపల చప్పట్లు కొట్టుకున్నాను.

కోడలి పరీక్ష ఆ తర్వాత వచ్చింది. ఆమె ఒక చిన్న ఆసుపత్రిలో బిల్లుల కౌంటర్లో పనిచేసేది. ఆ ఆసుపత్రి మూసేశాక ఏడాదిన్నర ఇంట్లోనే ఉండిపోయింది. జీన్సు ప్యాంట్లు ఉతికే యూనిట్‌లో నా కొడుక్కి వారంలో సగం రోజులే పని దొరుకుతోంది. అందుకని ఆమె మెడికల్ కోడింగ్ నేర్చుకుంది. రోగుల కేసు కాగితాలు చదివి, ఒక్కో జబ్బుకూ ఒక్కో చికిత్సకూ నిర్ణయించిన కోడ్ రాసే పని అది, ఇంట్లో కూర్చునే చేయొచ్చు. ఏడు నెలలు చదివింది. కూర పొయ్యి మీద ఉడుకుతుంటే పక్కన పుస్తకం తెరిచి ఉండేది. బెంగళూరులో ఒక కంపెనీ ఆమెను తీసుకుంటామంది, ఆ నెలలో పరీక్ష పాసైతేనే. పరీక్ష ఇంటి నుంచే, తలుపు మూసిన గదిలో ఒంటరిగా, కెమెరా ముందు కూర్చుని రాయాలి. పది గంటలకు మొదలు. పదిన్నర దాటితే లోపలికి రానివ్వరు. ఆలస్యంగా మొదలుపెడితే ఆ నిమిషాలు పోయినట్టే, తిరిగి ఇవ్వరు.

మా సంఘంలో ఎవరికి ఏ గండం వచ్చినా ముందు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తారు. పదో తరగతి పరీక్షకైనా, మోకాలి ఆపరేషన్‌కైనా అదే పద్ధతి. ఆ రోజు కొడుకు యూనిట్‌కు వెళ్ళిపోయాక, పొద్దున ఎనిమిదికే అయ్యగారితో కలిసి పది మంది దాకా వచ్చారు. మా పాస్టరును మేం అయ్యగారు అంటాం. ఏడింటికి పోయిన కరెంటు అప్పటికింకా రాలేదు. చెమటలు తుడుచుకుంటూ, కోడల్ని మధ్యలో కూర్చోబెట్టి ప్రార్థిస్తుండగా ఎనిమిదిన్నరకు ఫ్యాను తిరిగింది.

"స్తోత్రం!" అన్నారందరూ. నేను అందరికంటే గట్టిగా అన్నాను.

ఫ్యానుతో పాటు రూటర్ కూడా లేచిందన్న ఆలోచన నాకు రాలేదు. కరెంటు పోవడంతో దాని జ్ఞాపకంలో ఉన్న పాత జాబితా తుడిచిపెట్టుకుపోయింది. ముందు అడిగినవాళ్ళకు ముందు. ఆ గదిలో ప్రతి జేబులోనూ, ప్రతి సంచిలోనూ మా పాస్‌వర్డ్ తెలిసిన ఫోను ఒకటుంది. కోడలి ల్యాప్‌టాప్ మాత్రం పక్క గదిలో మూసి ఉంది.

ప్రార్థన అయ్యాక ఉగ్గాణి, బజ్జీ పెట్టాం. తొమ్మిదీ నలభైకి కోడలు గది గుమ్మంలోంచి పిలిచింది.

"మామా, నెట్ వస్తానే లేదు. ఒకసారి చూస్తారా?"

చేయి కడుక్కుని దర్జాగా వెళ్ళాను. ఇలాంటివి నాకు చిటికెలో పని. ల్యాప్‌టాప్ మీద వైఫై గుర్తు ఉంది, దాని మీద ఇంటర్నెట్ లేదన్న సూచన కూడా ఉంది. తప్పు మాది కాదని వెంటనే తీర్మానించి కేబుల్ అతనికి మెట్ల మీదికి వెళ్ళి ఫోన్ చేశాను.

"సార్, బాక్సులో హసిరు లైట్ బర్తా ఇదెయా?" అన్నాడతను.

పచ్చ దీపం వెలుగుతూనే ఉందని చెప్పాను.

"అట్లయితే మా సైడు అంతా సరిగా ఉండాది సార్. మీ ఇంట్లోనే ఏమో ఉండాది, చూస్కోండి."

"మా ఇంట్లో ఏముంటాదప్పా? ముప్పై ఏండ్లు ఇదే పని చేసినోణ్ణి నేను!" అని అరిచి పెట్టేశాను.

లోపలికొచ్చి రూటర్ స్విచ్ తీసి, పది లెక్కపెట్టి మళ్ళీ వేశాను. దాని దీపాలన్నీ వెలగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలూ కోడలు కళ్ళార్పకుండా దాన్నే చూసింది. కెమెరాకు చూపించాల్సిన ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని, వేళ్ళతో దాని అంచు గీరుతోంది. దీపాలు వెలిగాయి. ల్యాప్‌టాప్‌లో మళ్ళీ అదే మాట, ఇంటర్నెట్ లేదు.

"ఆ, వైఫై వచ్చింది, వచ్చింది!" అని హాల్లోంచి ఎవరో సంతోషంగా అన్నారు.

దాంతో నాకు తిక్క రేగింది. వాళ్ళకు వస్తోంది, ఈమెకు రావడం లేదంటే లోపం ల్యాప్‌టాప్‌దే.

"నిన్నటి దాకా బాగుండె కదా! ఏదేదో ఎక్కించింటావ్ దీంట్లో!"

"నేనేం చేయలేదు మామా. నిన్న మూసిపెట్టింది ఇప్పుడే తెరిచినా."

"ఏం చేయకపోతే ఊరికే ఎందుకు పోతాది?"

హాల్లో మాటలు ఆగిపోయాయి. అంత గట్టిగా అరిచానన్నమాట. కోడలు ల్యాప్‌టాప్ మూలన ఉన్న టైం చూసింది. "తొమ్మిదీ యాభై ఐదు మామా," అంది, అంతే.

అప్పుడు చేశాను, మొదటే చేయాల్సిన పని. ల్యాప్‌టాప్‌లో ఆదేశాలు టైపు చేసే నల్లటి కిటికీ తెరిచి, ల్యాప్‌టాప్ అడ్రసు ఎంతో చూపించమని అడిగాను. నూట అరవై తొమ్మిదితో మొదలయ్యే అంకె కనిపించింది. అది మా రూటర్ ఇచ్చే అడ్రసు కాదు. అడిగి అడిగి ఎవరూ ఇవ్వకపోతే, ల్యాప్‌టాప్ తనకు తానే పెట్టుకునే దిక్కులేని అడ్రసు.

రూటర్ దగ్గర ఇవ్వడానికి ఇంకేం మిగల్లేదు. ఎనిమిదీ అయిపోయాయి. కోడలి కోసం ప్రార్థన చేయడానికి వచ్చినవాళ్ళ జేబుల్లోనే ఉన్నాయి దాదాపు అన్నీ. నేను తలుపు వేసింది వాళ్ళకు, బయట నిలబడిపోయింది మాత్రం ఈ పిల్ల.

"ఏమైంది మామా? తెలిసిందా?" అంది కోడలు, నా ముఖం చూసి.

"ఉండు, చూస్తాండా," అన్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

నా ఫోనుకు అదృష్టం కొద్దీ ఒక అడ్రసు దొరికి ఉంది. దాంట్లో రూటర్ పేజీ తెరిచాను. ఎనిమిదిని రెండొందలు చేస్తే సరిపోతుంది. పాస్‌వర్డ్ అడిగింది. ఎవరికీ దొరక్కూడదని నేను ఎంతో యోచించి పెట్టిన పాస్‌వర్డ్ నాకూ దొరకలేదు. ఒకటి కొట్టాను, తప్పు. ఇంకోటి కొట్టాను, తప్పు. మూడోదీ తప్పయ్యేసరికి, కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించమని ఆ పేజీ తాళం వేసుకుంది. ల్యాప్‌టాప్‌కే చేత్తో ఒక అడ్రసు రాసిపెడదామా అంటే, అది శిక్షణ సంస్థ వాళ్ళు ఇచ్చింది, సెట్టింగులు ముట్టుకోనివ్వదు. రూటర్ వెనక చిన్న చిల్లులో పిన్ను గుచ్చితే అన్నీ మొదటికొస్తాయి. కానీ కేబుల్ కంపెనీ వివరాలు కూడా చెరిగిపోతాయి, వాళ్ళ మనిషి వచ్చి మళ్ళీ ఎక్కించేదాకా ఎవరికీ నెట్ ఉండదు. మెట్ల మీద ఫోను పెట్టి హాట్‌స్పాట్ ఇద్దామంటే, అది ఈ గోడలు దాటి గదిలోకి రాదు.

పదీ ఏడయింది. మిగిలింది ఒకటే దారి. హాల్లోకి వెళ్ళి అందరి ఫోన్లలో వైఫై ఆపించి, రూటర్ మళ్ళీ వేయడం. ఎందుకని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఆ ఒక్క ప్రశ్నకు భయపడి ఇంకో తెలివి ఉపయోగించాను. వాళ్ళను పంపించేద్దామనుకున్నాను.

"అయ్యగారూ, మీకందరికీ పనులుంటాయి కదా. చాలాసేపు కూర్చున్నారు..."

"పరీక్ష మొదలైందా అప్పా?"

"అయితాది, ఇంకొంచెం సేపట్లో."

"అట్లయితే పాప రాసేదాకా ఈడనే కూర్చుంటాం. మాకేం పనుండాది? ప్రార్థనలో ఉంటాం. నువ్వు భయపడొద్దు," అన్నారాయన నా భుజం తట్టి. అందరూ అవునవునన్నారు. ఎవరో ఫోను తీసి కీర్తన వెతకడం మొదలుపెట్టారు. చక్కగా దొరికింది వాళ్ళకు.

నేను అక్కడే నిలబడిపోయాను. గోడ గడియారం నాకెదురుగా ఉంది. పాట మొదటి చరణం అయింది, పల్లవి మళ్ళీ వచ్చింది. గది తలుపు సందులోంచి కోడలు నన్ను చూస్తోంది. నా పరువూ ఆ పిల్ల పరీక్షా రెండూ నా ఎదుట ఉంటే, నేను ఇంకా పరువు వైపే నిలబడి ఉన్నాను. ఆ నిమిషాలకు నన్ను నేను ఈ రోజుకీ క్షమించుకోలేదు.

పదీ పద్నాలుగుకు పాట మధ్యలోనే అరిచాను. "ఆపండప్పా! అందరూ ఫోన్లో వైఫై తీసేయండి. రూటర్‌కు బరువెక్కువైంది. పాపకు నెట్ దొరకలేదు."

అందులో కూడా సగమే నిజం. అయినా ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. "అయ్యో, ముందే చెప్పకూడదా!" అంటూ గబగబా అందరూ ఫోన్లు తీశారు. నేను అంతసేపు భయపడిన ప్రశ్న ఎవరి నోటా రాలేదు.

పక్కింటి అవ్వ ఒక్కతే ఫోను నా చేతికిచ్చింది. ఆమెకు ఆపడం రాదు. సాయంత్రాలు మా వరండాలో కూర్చుని సిరుగుప్పలో ఉన్న కూతురితో వీడియో కాల్ మాట్లాడుకునేది. ఎనిమిది చేశాక ఆ కాల్ కలవడం మానేసింది. ఏమైందని అడిగితే, నీ ఫోను పాతదైపోయింది అవ్వా, అని చెప్పి పంపించాను. ఇప్పుడు నా చేతిలో ఉన్నది కొత్త ఫోను. అద్దం మీద ప్లాస్టిక్ పొర కూడా తీయలేదు.

"మొన్ననే తీసుకుంటి అప్పా. నువ్వు చెప్తివి కదా పాతది పోయినాదని. ఇది మంచిది, ఈడికొచ్చినంకనే టక్కన పట్టుకునె."

నా వేలు ఆ పొర మీద జారింది. రెండోసారికి గానీ వైఫై గుర్తు మీద పడలేదు. ఆమె ముఖంలోకి చూడకుండా ఫోను తిరిగిచ్చేశాను.

రూటర్ ఆపి, వేశాను. మళ్ళీ రెండు నిమిషాలు. హాల్లో ప్రార్థన కూడా మనసులోనే చేసుకున్నట్టున్నారు. ఒక్కో దీపం వెలుగుతుంటే నేను లెక్కపెట్టుకున్నాను. కోడలు ల్యాప్‌టాప్ తెర మీదికి వంగింది.

"వచ్చింది మామా! బయటికి పోండి, బయటికి!"

మరో మనిషి కెమెరాకు కనిపించకూడదు కదా. తలుపు దగ్గరికి లాగి మెట్ల మీద కూలబడ్డాను. కార్డు చూపించి, గది నాలుగు మూలలూ చూపించి, మొదటి ప్రశ్న తెరుచుకునేసరికి పదీ ఇరవై ఆరయిందని ఆమె తర్వాత చెప్పింది.

మధ్యాహ్నం బయటికొచ్చింది. చివరి పదిహేడు ప్రశ్నలు చదవడానికి కూడా టైం లేకపోయిందట. అందరూ వెళ్ళిపోయాక వంటింట్లో నాకు అన్నం పెడుతూ, "దానికి ఏమైంది మామా అసలు?" అనడిగింది. చెప్పేశాను. ఎనిమిది సంగతి, పాస్‌వర్డ్ సంగతి, హాల్లో నిలబడిపోయిన ఆ నిమిషాల సంగతి. గరిటె చేతిలో పట్టుకుని అంతా విన్నది.

"ఇయ్యొద్దని నాకు ఒక మాట చెప్పింటే ఇచ్చేదాన్ని కాదు కదా మామా," అంది.

తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిడితే బాగుండును. పప్పు వడ్డించి, మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోయింది. నా కొడుక్కి కూడా ఆ సంగతి చెప్పలేదని, వాడు కేబుల్ వాళ్ళను తిడుతున్నప్పుడు నాకు తెలిసింది.

పది రోజులకు ఫలితం వచ్చింది. కొద్ది మార్కుల్లో పోయింది. బెంగళూరు కంపెనీ ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేసింది. పరీక్ష మళ్ళీ రాయొచ్చు, ఉద్యోగం మాత్రం మళ్ళీ వెతుక్కోవాలి. ఆ రోజంతా ఆమె దుప్పట్లు ఉతికింది, శుభ్రంగా ఉన్నవి కూడా.

ఆ వారం కూడిక మా ఇంట్లోనే జరిగింది. అందరూ వచ్చారు. అవ్వ వచ్చింది. అయ్యగారు కూర్చుంటూనే, "ఏమైందమ్మా, యాడ పొరపాటు జరిగింది?" అని కోడల్ని అడిగారు.

"నేనే సరిగ్గా చదవలేదు అయ్యగారూ," అంది ఆమె, నా వైపు చూడకుండా.

ఏడు నెలలు పొయ్యి పక్కన పుస్తకం పెట్టుకుని చదివిన మనిషి అన్న మాట అది. నేను నేల చూశాను. అయ్యగారు నిట్టూర్చి, అందరినీ కళ్ళు మూసుకోమని, ఆమె తల మీద చేయి పెట్టారు.

"ప్రభువా, ఈ బిడ్డ అశ్రద్ధను క్షమించుము. సోమరితనమును ఆమె నుండి తొలగించుము. ఇక మీదటనైనా చదువులో మనసు నిలుపు బుద్ధిని దయచేయుము..."

"అవును ప్రభువా," అన్నారందరూ. నా పక్కన అవ్వ అందరికంటే ఆర్తిగా అంది. ఇంకాసేపట్లో ఆయన ముగిస్తారు, ఆమెన్ అనాలి. మా ఇంట్లో, నా నోటితో, ఆ ప్రార్థనకు ఆమెన్ అనాలి.

"అయ్యగారూ, ఆపండి," అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక ప్రార్థన మధ్యలో నోరు తెరిచింది లేదు. అందరూ కళ్ళు తెరిచి నా వైపు చూశారు. కోడలు మాత్రం తెరవలేదు. ఆయన చేతి కింద తల అలాగే వంచుకుని, "వద్దు మామా," అంది చిన్నగా.

"సోమరితనం ఆ పిల్లది కాదు. తప్పంతా నాది," అన్నాను. ఎనిమిది అడ్రసుల సంగతి అందరికీ చెప్పాను. పాత ఫోను బాగానే ఉండిందన్న సంగతి అవ్వ ముఖంలోకి చూసి చెప్పాను.